నాకు మాత్రమేనా? అందరికీనా?



పోయినసారి లైబ్రరీ బీరువా తాళాల గురించి రాస్తే ఒక తమ్ముడు అడిగాడు: "మేడమ్, ఇంకా పుస్తకాల బీరువాలేంటి, ఇప్పుడంతా కంప్యూటరే కదా?" సరే తమ్ముడూ, ఈసారి కంప్యూటర్ తాళం గురించే మాట్లాడుకుందాం. బీరువాకి తాళం వేస్తే కనీసం కళ్ళకు కనపడుద్ది, ఎవరు వేశారని అడగొచ్చు. ఈ తాళం కనపడదు. లోపల వస్తువు ఉందన్న సంగతి కూడా మనకు తెలియకుండా పోద్ది.

కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన కాలేజీలో తెలుగు డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే కంప్యూటర్. నలుగురు లెక్చరర్లం, ఎం.ఏ. పిల్లలందరూ దాని మీదే ఆధారం. ఆన్ చేయగానే రెండు పేర్లు కనపడేవి. ఒకటి మా సీనియర్ సార్ పేరు, దానికి పాస్‌వర్డ్ ఉంది. రెండోది 'స్టూడెంట్', దానికి లేదు.

ప్రాజెక్టు రిపోర్టులు ఇవ్వాల్సిన వారం. ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ళింట్లో పది దాటి చదివిన మొదటి మనిషి తనే. మిరపకోతల్లో వాళ్ళమ్మ, వాళ్ళమ్మ జట్టు ఆడవాళ్ళు పాడే పాటలు సేకరించి, వాటి మీద రిపోర్టు రాసింది. "మేడమ్, తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్ ఈ కంప్యూటర్లో ఉందన్నారు. నాకు కనపడట్లేదు" అంది. నేనూ కూర్చుని వెతికాను. డెస్క్‌టాప్ మీద లేదు, స్టార్ట్ మెనూలో లేదు. సార్ టైప్ చేసి కాపీ చేసిపెట్టిన నమూనా ఫైలు ఒకటి తెరిస్తే తెలుగుకి బదులు ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. సార్ ఆ వారం సెలవులో ఉన్నారు.

ఆ పిల్ల బస్టాండు పక్కన డీటీపీ సెంటర్‌కి పోయింది. పేజీకి 30 రూపాయలు, 62 పేజీలు. 1860 రూపాయలు. కోత కూలి మీద బతికే ఇంట్లో ఆ డబ్బు ఎన్ని రోజుల ఎండో మీరే లెక్కేసుకోండి. పైగా ఆ టైపిస్టు వాళ్ళమ్మ మాటల్ని "సరిదిద్దాడు". పల్లె యాసంతా తప్పులనుకుని పుస్తక భాషలోకి మార్చాడు. మళ్ళీ టైప్ చేయించుకోవడానికి డబ్బుల్లేవు, టైముల్లేవు. ఆ పిల్ల పెన్ను పట్టుకుని 62 పేజీలూ దిద్దుకుంది.

సార్ వచ్చాక అడిగాను. ఆయన మామూలుగానే చెప్పారు: "పిల్లలు ముట్టుకుంటే పాడైపోద్దమ్మా. అందుకే నా అకౌంట్‌కి మాత్రమే పెట్టుకున్నా."

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఆయన చెడ్డ మనిషి కాదు. నేను కొత్తగా చేరినప్పుడు తన సొంత నిఘంటువులు తెచ్చిచ్చిన మనిషి. ఎవరి కులమూ అడగగా నేను వినలేదు. ఆ 'ముట్టుకుంటే' అన్న మాట ఆయన నోట్లోంచి ఏ ఆలోచనా లేకుండా వచ్చింది. కానీ నా చెవికి అలా చేరలేదు. మా అమ్మ చిన్నప్పుడు ఊరి బావి దగ్గర బిందె కింద పెట్టి, ఎవరో ఒక అమ్మగారు దయతలచి తోడి పోసేదాకా నిలబడేది. బావిలో నీళ్ళు లేక కాదు. చేద ముట్టుకోకూడదు, అంతే. నీళ్ళు అందరివే, చేద కొందరిది. మా డిపార్ట్‌మెంట్ కంప్యూటర్ కూడా అందరిదే. అందులో పనికొచ్చేది మాత్రం ఒకరిది.

మళ్ళీ నేనే నన్ను ఆపుకుంటాను. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. ఆ గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర, పల్లెవాళ్ళు తాగే నీళ్ళు మురికి చేస్తుంటే మున్నంగి సువార్తమ్మ అడ్డం చెప్పినందుకు. ఆ నెత్తుటిని ఒక ఐకాన్ కనపడకపోవడంతో సమానం చేసేంత తెలివితక్కువదాన్ని కాదు. నేను చెప్పేది హింస గురించి కాదు, పద్ధతి గురించి. ఉమ్మడి డబ్బుతో వచ్చిన వస్తువు ఒక్కరి చేతి కిందకు ఎలా పోద్ది? పోయాక అది సహజమే అన్నట్టు అందరికీ ఎలా అనిపిస్తది? అది తెలుసుకోవాలంటే ముందు ఆ తాళం ఎలా పనిచేస్తదో తెలుసుకోవాలి. సాహిత్యం వాళ్ళం కదా, మనకెందుకులే అనుకోవద్దు. తాళం సంగతి తెలియనివాళ్ళకే తాళాలు పడతాయి.

విండోస్‌లో చాలా సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతాయి: ఈ కంప్యూటర్ వాడే అందరికీనా, నీకు మాత్రమేనా? అందరికీ అంటే అది 'ప్రోగ్రామ్ ఫైల్స్' అనే ఉమ్మడి ఫోల్డర్లోకి పోద్ది. అలా పెట్టడానికి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలి. నాకు మాత్రమే అంటే ఆ మనిషి సొంత ఫోల్డర్లో, 'యాప్‌డేటా' అనే లోపలి గదిలో కూర్చుంటది. పక్క అకౌంట్‌లోకి పోతే ఐకాన్ ఉండదు, పేరు ఉండదు, గుర్తు ఉండదు.

ఫాంట్లదీ ఇదే కథ. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఫాంట్ మీద రైట్ క్లిక్ చేస్తే రెండు మాటలు కనపడతాయి. ఒకటి ఉత్త 'ఇన్‌స్టాల్'. రెండోది 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్'. మొదటిది నొక్కితే ఆ ఒక్క అకౌంట్‌కే పోద్ది. పాత డీటీపీ ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టుకున్న ఫాంట్లు. ఆ ఫాంట్ లేని చోట అదే ఫైలు తెరిస్తే కింద ఉన్న ఇంగ్లిషు గుర్తులు బయటపడతాయి. ఆ పిల్ల చూసిన పిచ్చి గుర్తులు అవే.

సార్‌ని తర్వాత అడిగితే ఫాంట్ల సంగతి ఆయనకు అసలు తెలియదు. సాఫ్ట్‌వేర్‌ని తనకు మాత్రమే అని ఆయనే ఎంచుకున్నారు. ఫాంట్లు మాత్రం ముందు కనపడిన మాట నొక్కారు, అది 'నాకు మాత్రమే' అయిపోయింది. అంటే ఆ పిల్లను బయట నిలబెట్టిన తాళంలో సగం ఒక మనిషి నిర్ణయం, సగం ఎవరూ నిర్ణయించకుండానే పడిపోయినది. కులం గురించి పదేళ్ళుగా రాస్తున్నాను, దానికి ఇంతకన్నా మంచి పోలిక నాకు దొరకలేదు. కావాలని తలుపేసేవాళ్ళు కొందరు. ముందునుంచీ ఉన్న మీట నొక్కి తమ పని తాము చూసుకునేవాళ్ళు చాలామంది. బయట నిలబడ్డవాడికి రెండూ ఒకటే తలుపు.

అయితే తాళాలన్నీ పగలగొట్టేద్దామా? నేనూ మొదట అదే అనుకున్నాను. ఆ కంప్యూటర్ బాధ్యత నా చేతికొచ్చాక ఆవేశంగా అన్నీ అందరికీ పెట్టేశాను. సార్ పేరు తీసేశాను, నా పేరూ పెట్టలేదు. ఒకటే అకౌంట్, ఒకటే డెస్క్‌టాప్, అందరం సమానం. చాలా గర్వపడ్డాను.

రెండు నెలలు కూడా కాలేదు. హాస్టల్ పిల్లవాడొకడు భోజనం గురించి, వార్డెన్ తిట్ల గురించి పేరు పెట్టకుండా ఒక అర్జీ టైప్ చేశాడు. ప్రింటు తీసుకుని, ఫైలు డిలీట్ చేశాననుకుని పోయాడు. రీసైకిల్ బిన్‌లో ఉంది. తర్వాత కూర్చున్నవాళ్ళు చూశారు, ముందు ఎవరు కూర్చున్నారో రిజిస్టర్లో ఉంది, సాయంత్రానికి వార్డెన్‌కి తెలిసిపోయింది. ఆ పిల్లవాడు పడిన మాటలు ఇక్కడ రాయను. నా దగ్గరకొచ్చి, "మేడమ్, నాకంటూ ఒక తాళం ఉంటే బాగుండేది" అన్నాడు.

ఆ మాటతో నా సమానత్వం గాలి దిగిపోయింది. సార్ చేసిన తప్పు ఉమ్మడి పనిముట్టుకి సొంత తాళం వేయడం. నేను చేసిన తప్పు సొంత రాతకి తాళం లేకుండా చేయడం. గోడలున్న ఇంట్లో పెరిగినవాళ్ళకు ఏకాంతం విలువ వేరే చెప్పక్కర్లేదు. ఒకే గదిలో ఆరుగురం పడుకున్నవాళ్ళం, ఉత్తరం దాచుకోవడానికి ట్రంకుపెట్టె కూడా లేనివాళ్ళం, మనమే దాన్ని మర్చిపోతే ఎలా?

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. ఒకే కంప్యూటర్‌ని పదిమంది వాడుకోవాలన్న ఆలోచన అమెరికాలో ఎం.ఐ.టి.లో 1961లో పనిచేసి చూపించింది. ఫెర్నాండో కార్బాటో బృందం తయారుచేసిన ఆ వ్యవస్థ పేరు సీటీఎస్‌ఎస్. ఒకరి ఫైళ్ళు ఇంకొకరు చూడకుండా, ఎవరి టైము వాళ్ళే వాడుకునేలా కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ పెట్టిన తొలి చోట్లలో అది ఒకటి. అంటే పంపకమూ తాళమూ కలిసే పుట్టాయి. మరుసటి ఏడాదే, 1962లో, అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకిచ్చిన వారానికి 4 గంటలు చాలక పాస్‌వర్డ్‌ల ఫైలు మొత్తం ప్రింటు తీయించాడు. ఆ సంగతి ఏళ్ళ తర్వాత తనే చెప్పుకున్నాడు. ఆయన చేసింది తప్పే, మిగతావాళ్ళ తాళాలన్నీ బయటపెట్టాడు. కానీ దాని వెనక ఉన్నది దొంగబుద్ధి కాదు, పని పూర్తికాని విద్యార్థి అవసరం. అవసరానికి సరిపడా పంచకుండా తాళం మాత్రమే బిగిస్తే జరిగేది అదే.

ఇంకొక వైపు కూడా ఉంది. 'నాకు మాత్రమే' అన్న అదే మీట అధికారం లేనివాడి చేతిలో పడితే తాళం కాదు, తలుపవుద్ది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరూ ఇవ్వని పిల్ల తన అకౌంట్‌లో, తన ఫోల్డర్లో యూనికోడ్ ఫాంట్లు వేసుకోవచ్చు. క్రోమ్ బ్రౌజర్, విజువల్ స్టూడియో కోడ్ లాంటివి అడ్మిన్ అనుమతి లేకుండానే ఆ ఒక్క అకౌంట్‌కి ఎక్కుతాయి. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే పోర్టబుల్ ప్రోగ్రాములూ ఉన్నాయి. కాలేజీ రూలు ఒప్పుకున్నంతవరకు ఇవి వాడుకోండి, ఎవరినీ బతిమాలొద్దు. ఊరి బావి రానివ్వకపోతే పల్లెలో సొంత బావి తవ్వుకున్నారు మన పెద్దలు. కానీ సొంత బావి ఉంది కదా అని ఊరి బావి మీద హక్కు వదులుకోలేదు. ఆ రెండో సంగతి మర్చిపోవద్దు.

ఎందుకంటే కొన్ని పనిముట్లు సొంతంగా పెట్టుకుంటే సరిపోవు. చూపులేని విద్యార్థులకు తెర మీద అక్షరాలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉంది. ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్, జేమ్స్ టె అనే ఇద్దరు అంధ మిత్రులు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్ అది. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వాడొచ్చు. కానీ పాస్‌వర్డ్ అడిగే మొదటి తెర దగ్గర అది మాట్లాడాలంటే కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసి ఉండాల్సిందే. లేకపోతే చూపులేని పిల్లవాడు గుమ్మం దగ్గరే ఎవరి చెయ్యో పట్టుకోవాలి. 'అందరికీ' అన్న మాట కొందరికి సౌకర్యం, కొందరికి అసలు లోపలికి దారి.

కాగితం మీద 'అందరికీ' అని రాసుకుంటే అయిపోద్దా? మహద్ చరిత్ర చదివినవాళ్ళకు జవాబు తెలుసు. ప్రభుత్వ డబ్బుతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్ళకు తెరవాలని బొంబాయి కౌన్సిల్ 1923లోనే ఎస్.కె. బోలే తీర్మానాన్ని ఆమోదించింది. 1924లో మహద్ మున్సిపాలిటీ చవదార్ చెరువు తెరుస్తున్నామంది. కానీ ఆ నీళ్ళు దోసిట్లోకి రావడానికి 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడవాల్సి వచ్చింది. ఆ హక్కును హైకోర్టు ఖాయం చేసేసరికి 1937. తీర్మానానికి, దోసిలికి మధ్య దూరం అది. మన రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు, రోడ్ల పేర్లు ఎత్తి మరీ రాసింది ఊరికే కాదు. కంప్యూటర్ పేరు అందులో లేదు. కానీ ఉమ్మడి డబ్బుతో వచ్చిన దాన్ని ఎవరు ముట్టుకోవాలి అనే ప్రశ్న ఉంది. సాఫ్ట్‌వేర్ 'అందరికీ' ఇన్‌స్టాల్ చేసి గది తాళం సాయంత్రం నాలుగింటికి వేసేస్తే, అది 1924 నాటి తీర్మానమే.

నేను రెండుసార్లు తప్పు చేశాక మిగిలిన లెక్క ఒకటే: పనిముట్టు అందరిది, రాత ఎవరిది వాళ్ళది. ఏదైనా పనిముట్టుని ఒక్కరికే పరిమితం చేయాల్సి వస్తే దానికి కారణం పనిలో ఉండాలి, మనిషిలో కాదు.

ఇంటర్నల్ మార్కులు ఎక్కించే సాఫ్ట్‌వేర్ పరీక్షల బాధ్యత ఉన్న లెక్చరర్‌కే ఉండాలి. అది న్యాయం, పిల్లల రక్షణ కోసమే ఆ తాళం. లైసెన్స్ కారణమైతే కాగితం తీసి చదవాలి. ఒక మనిషికిచ్చిన లైసెన్స్ వేరు, ఒక కంప్యూటర్‌కిచ్చిన లైసెన్స్ వేరు. మా సార్ కూడా "లైసెన్స్ ఒకటేనమ్మా" అన్నారు. తీసి చూస్తే అది ఆ కంప్యూటర్‌కి ఇచ్చింది, ఆయనకు కాదు. "పిల్లలు పాడుచేస్తారు" అన్నది మాత్రం కారణం కాదు. స్టాండర్డ్ అకౌంట్ ఇస్తే ప్రోగ్రామ్ ఫైల్స్‌ని మార్చడం, తీసేయడం వాళ్ళ వల్ల కాదు. వాడతారు, పాడుచేయలేరు. ఆ భయానికి మందు అందులోనే ఉంది. మందు వేయకుండా మనుషుల్ని దూరం పెట్టామంటే మన భయం పాడవడం గురించి కాదన్నమాట.

మీ హాస్టల్లో, సంఘం ఆఫీసులో, అంబేద్కర్ భవన్‌లో ఉమ్మడి కంప్యూటర్ ఉంటే ఈ పనులు చేయండి.

1. ఎవరి అకౌంట్ వాళ్ళకు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకు. అన్నీ స్టాండర్డ్ అకౌంట్లే, సంఘం అధ్యక్షుడిది కూడా. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ విడిగా పెట్టి, పాస్‌వర్డ్ ఇద్దరికి తెలిసి ఉండాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల అయితే మంచిది.

2. తెలుగు ఫాంట్లు, ఆఫీసు సాఫ్ట్‌వేర్, ఎన్‌వీడీఏ లాంటివన్నీ అందరికీ అనే ఎంచుకోండి. తర్వాత ఒక మామూలు అకౌంట్‌లోకి పోయి తెరిచి చూడండి. అడ్మిన్ కుర్చీలో కూర్చుని అన్నీ బాగున్నాయనుకోవద్దు.

3. ఒక ప్రోగ్రామ్‌ని నిజంగానే ఒకరికి పరిమితం చేయాలంటే ఐకాన్ తీసేస్తే చాలదు. ఐకాన్ బోర్డు లాంటిది. బోర్డు పీకేసినా ఇల్లు అక్కడే ఉంటది, ఫోల్డర్ దారి తెలిసినవాళ్ళు తెరుస్తారు. ఆ ప్రోగ్రామ్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీకి పోయి, పై ఫోల్డర్ నుంచి వచ్చే అనుమతులు ఆపి, 'యూజర్స్' గుంపుని తీసి, కావాల్సిన అకౌంట్ ఒక్కటీ చేర్చాలి. సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్ అనే పేర్లు మాత్రం అలాగే ఉంచండి. లైనక్స్‌లో అయితే ఒక గ్రూపు చేసి, ప్రోగ్రామ్‌ని ఆ గ్రూపుకిచ్చి, మిగతావాళ్ళ అనుమతి తీసేస్తే సరి.

4. అడ్మిన్ దగ్గర ఈ తాళాలేవీ నిలవవని గుర్తుపెట్టుకోండి. మీ ఫోల్డర్ కూడా తెరవగలడు. ప్రాణం మీదకొచ్చే అర్జీలు ఉమ్మడి కంప్యూటర్లో టైప్ చేయొద్దు.

5. పరిమితం చేసిన ప్రతిదాని పేరు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. ఎవరికి, ఎందుకు, ఎప్పటిదాకా. ఈ మూడూ రాయలేని తాళం ఉండకూడదు.

ఈ ఐదోది అన్నిటికన్నా ముఖ్యం. ఆ అమ్మాయి "నాకు కనపడట్లేదు" అన్నప్పుడు అడగడానికి మనిషి లేడు, చదవడానికి కాగితం లేదు. కారణం తెలిసిన తాళంతో వాదించొచ్చు. కారణం తెలియని తాళం ముందు మనవాళ్ళు చేసేది ఒకటే. తప్పు తమదేననుకుని తిరిగిపోతారు. ఆ పిల్ల కూడా మొదట, "నాకు కంప్యూటర్ సరిగ్గా రాదు మేడమ్, అందుకే కనపడట్లేదేమో" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

ఆ డిపార్ట్‌మెంట్ వదిలి వచ్చే ముందు గోడకి కాగితం అంటించాను. 'మార్కుల సాఫ్ట్‌వేర్: పరీక్షల బాధ్యత ఉన్న లెక్చరర్‌కి మాత్రమే. కారణం: మీ మార్కులు ఇంకొకరు మార్చకుండా. ఎప్పటిదాకా: ఆ బాధ్యత ఉన్నంతవరకు.' ఒకే ఒక్క వరుస. సార్ అది చదివి కాసేపు నిలబడ్డారు. ఏమీ అనలేదు. మర్నాడు డీటీపీ సాఫ్ట్‌వేర్ సీడీ, లైసెన్స్ కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "అందరికీ పెట్టమ్మా" అన్నారు.

రేపు మీలో కొందరు ఆఫీసర్లవుతారు, లెక్చరర్లవుతారు, సంఘాలు నడుపుతారు. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేతికొస్తది. ఆ రోజు తెర మీద ఆ ప్రశ్న వచ్చినప్పుడు, ముందే టిక్కు పెట్టి ఉన్నదాన్ని నొక్కేసి పోకండి. ఒక్క నిమిషం ఆగి చదవండి.

జై భీమ్.